సూది కూడా మందే

షుగరు జబ్బు మనిషి ఉన్న ఇంటికి వెళ్లి, "మీవారు ఏం మందులు వాడుతున్నారండీ?" అని అడిగి చూడండి. ఇల్లాలు లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బా తెస్తుంది. ఉదయం మాత్ర, రాత్రి మాత్ర, బి.పి. మాత్ర, గ్యాసు మాత్ర అన్నీ అందులో ఉంటాయి. ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్ల పక్కనున్న ఇన్సులిన్ సీసా మాత్రం ఆ డబ్బాలో ఉండదు. ఆవిడ దాచిందని కాదు. ఆ ఇంట్లో అది 'మందు' కాదు, 'సూది'. మందులేమిటని అడిగారు, మందులు చూపించింది. సూది వేసుకుంటారా అని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ చిన్న తేడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఎలా తెస్తుందో, అలా జరక్కుండా ఇంటివాళ్లు ఏం చెయ్యాలో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. హైదరాబాదు మాదాపూర్‌లో, హైటెక్ సిటీలో పన్నెండేళ్లుగా మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. రోగుల కాగితాలు చదవటమే నా ఉద్యోగం. ఇంట్లో ఏడేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్న మామగారు ఉన్నారు. ఆఫీసు ఒక పక్క, ఇల్లు ఒక పక్క నాకు నేర్పిన సంగతి ఒకటే.

మా పని ఏమిటంటే

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్లూ తుప్పలూ ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే. ఆ మేడల్లో అందరూ కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్లే అనుకుంటారు చాలామంది. కాదు. జువాలజీ, ఫార్మసీ, నర్సింగు, ఫిజియోథెరపీ చదివి వచ్చిన నాలాంటి వాళ్లు కూడా ఉన్నారు. అమీర్‌పేటలో కొన్ని నెలలు కోచింగ్ తీసుకుని, ఎముకలూ నరాలూ రక్తనాళాలూ మళ్లీ మొదటినుంచీ వల్లెవేసి, అమెరికా సంస్థ పెట్టే పరీక్ష రాసి ఈ పనిలోకి వస్తాం. 100 ప్రశ్నలు, 4 గంటలు.

అమెరికాలో ఒక డాక్టరు రోగిని చూస్తాడు. చూసిందంతా రాస్తాడు. అక్కడ వైద్యం ఖర్చు చాలావరకు బీమా మీద నడుస్తుంది. బీమావాళ్లకు డాక్టరు రాసిన పేజీలు అక్కర్లేదు, అంకెలు కావాలి. ఏ జబ్బుకు ఏ అంకె అన్నది ముందే ఖాయమై ఉంటుంది. డాక్టరు రాసినది ఆసాంతం చదివి, జబ్బులన్నిటికీ సరైన అంకెలు వెయ్యటమే మా పని. లోపలికి వెళ్లేముందు సెల్‌ఫోను లాకర్లో పెట్టాలి. బల్ల మీద కాగితం ముక్క, కలం కూడా ఉండకూడదు. ఎవరి జబ్బు సంగతీ గడప దాటకూడదన్నమాట.

ఈ అంకెల పట్టీ నిన్న మొన్న పుట్టింది కాదు. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియోఁ 1893లో మరణ కారణాలకు ఒక పట్టీ తయారుచేశాడు. 1948లో ఆరో కూర్పునుంచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యత తీసుకుంది. పదో కూర్పుకు 1990లో ఆమోదం లభించింది. దాన్ని తమ అవసరాలకు విస్తరించుకుని అమెరికావాళ్లు 2015 అక్టోబరు 1నుంచి వాడుతున్నారు. మేం రోజూ తిరగేసేది ఆ పుస్తకమే.

రెండు అంకెల కథ

ఆ పుస్తకంలో మధుమేహానికి ఒక్క అంకె లేదు. చిన్నతనంలోనో యౌవనంలోనో ఎక్కువగా మొదలై, శరీరంలో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే టైప్ 1కు ఇ 10. మనలో ఎక్కువమందికి ఉండే టైప్ 2కు ఇ 11. మందుల వల్ల వచ్చిన షుగరుకు ఇ 09. గర్భిణుల షుగరుకు ఓ 24. కిడ్నీ దెబ్బతింటే, కన్ను దెబ్బతింటే, కాలికి పుండు పడితే చుక్క తరవాత వేరే వేరే అంకెలు.

వీటికి వెనక తోకలాగా తగిలించేది ఇంకొకటి ఉంది. జడ్ 79.4. దాని అర్థం, 'ఈ రోగి దీర్ఘకాలంగా ఇన్సులిన్ మీద ఉన్నాడు' అని. ఇది జబ్బు పేరు కాదు. ఈ మనిషి శరీరం బయటినుంచి వచ్చే ఇన్సులిన్ మీద ఆధారపడి నడుస్తున్నదని చెప్పే హెచ్చరిక పలక. మాత్రలు వాడేవాళ్లకు జడ్ 79.84 వేస్తాం. ఇన్సులిన్ కాని షుగరు ఇంజక్షన్లు ఈమధ్య వాడకంలోకి వచ్చాయి కదా, వాటికి 2022 అక్టోబరునుంచి జడ్ 79.85 అని కొత్త అంకె వచ్చింది. సూదులన్నీ ఇన్సులిన్ కాదన్న మాట ఇక్కడ పాఠకులు కూడా గుర్తుంచుకోవాలి.

జడ్ 79.4 వెయ్యటానికి కొన్ని నియమాలున్నాయి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటివారంలోనే ఇవి చెబుతాను.

మొదటిది. ఇన్సులిన్ వాడుతున్నాడు గనక టైప్ 1 అని రాసెయ్యకూడదు. టైప్ ఏదో డాక్టరు రాయకపోతే టైప్ 2 కిందే లెక్క. టైప్ 2 వాళ్లకు కూడా ఏళ్లు గడిచాక ఇన్సులిన్ అవసరం పడవచ్చు. "నా షుగరు టైప్ 2నుంచి టైప్ 1కు మారిందండీ" అంటుంటారు కొందరు. సూది మొదలుపెట్టినంత మాత్రాన జబ్బు రకం మారదు.

రెండోది. టైప్ 1కు ఇ 10 వేస్తే పక్కన జడ్ 79.4 అవసరం లేదు. ఇ 10 అన్నప్పుడే ఇన్సులిన్ ఉన్నట్టు. ఊపిరి పీలుస్తున్నాడని వేరే రాయం కదా, అలాగే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. టైప్ 2 మనిషికి ఆస్పత్రిలో ఉన్న నాలుగురోజులూ షుగరు అదుపు చెయ్యటానికి తాత్కాలికంగా ఇన్సులిన్ ఇస్తే జడ్ 79.4 వెయ్యకూడదు. అది 'దీర్ఘకాలం' కాదు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగరుకు ఇన్సులిన్ ఇచ్చినా ఇది వెయ్యం.

ఎప్పటికీ వాడేదా, కొన్నాళ్లకేనా? ఈ ఒక్క ప్రశ్న మీదనే ఆ అంకె నిలబడి ఉంది. అక్కడి లెక్కల్లో దీనికెంత విలువో చిన్న ఉదాహరణ చెబుతాను. మెడికేర్ అని అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ బీమా ఉంది. ఇంట్లో రక్తం చూసుకునే స్ట్రిప్పులు ఇన్సులిన్ వాడేవాళ్లకు మూడు నెలలకు 300 వరకు ఇస్తారు. వాడనివాళ్లకు 100. మూడింతల తేడా! ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి షుగరు పెరగటమే కాదు, పడిపోయే ప్రమాదం కూడా ఉంది గనక ఎక్కువసార్లు చూసుకోవాలి. అందుకే ఆ తేడా.

మా వృత్తిలో ఒక సామెత ఉంది: రాయనిది జరగనట్టే. రోగి పదేళ్లుగా ఇన్సులిన్ వాడుతున్నా సరే, డాక్టరు కాగితంలో లేకపోతే మేం ఊహించి వెయ్యటానికి వీల్లేదు. అనుమానం వస్తే తిరిగి డాక్టర్ని అడగాలి. అక్కడి రోగి మొహం నేను ఎన్నడూ చూడలేదు, చూడను. అయినా ఆయన కాగితంలో ఆ ఒక్క గీత ఉందా లేదా అని వెతకటానికి ఇక్కడ మాదాపూర్‌లో జీతమిచ్చి నన్ను కూర్చోబెట్టారు. మన దేశంలో 10 కోట్ల 10 లక్షలమందికి షుగరు ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్లలో ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల కాగితాల్లో ఆ గీత వెతికేదెవరు?

కాగితంలో లేని సూది

మా మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు షుగరు వచ్చి ఇరవైరెండేళ్లు. పదిహేనేళ్లు మాత్రలతో గడిచింది. తరవాత డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెట్టమన్నారు. ఆరోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదంటే నమ్మండి. చుట్టాలు ఫోన్లు చేసి, "సూది దాకా వచ్చిందంటే ఇక ఆఖరేనటగా" అని పరామర్శించారు. మా అత్తగారు కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. మామగారే అందరికీ ధైర్యం చెప్పారు. "జీతం చాలనప్పుడు నేను ట్యూషన్లు చెప్పుకోలేదూ? ఇప్పుడు లోపలి గ్రంథి జీతం చాలటంలేదు. ఇది ట్యూషను" అన్నారు. ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. క్లోమగ్రంథి ఏళ్ల తరబడి పనిచేసి అలిసిపోతుంది. చాలని ఇన్సులిన్‌ను బయటినుంచి పూరిస్తాం. అంతే. అది శిక్షా కాదు, ఆఖరి దశా కాదు.

ఉదయం 20 యూనిట్లు, రాత్రి 12. భోజనానికి అరగంట ముందు. ఏడేళ్లుగా గడియారం పెట్టినట్టు జరిగిపోతోంది. రెండేళ్ల క్రితం వానాకాలంలో బంధువుల పెళ్లికని అత్తగారూ మామగారూ మా వూరు వెళ్లారు. అక్కడ మామగారికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. దగ్గర పట్నంలో ఒక నర్సింగ్ హోంలో చేర్చారు. డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. మంచివాడే. ముప్పైమంది రోగులు, ఒక్కడు. "షుగరుందా తాతా? ఏం మందులు వాడతావు?" అని అడిగాడు. అత్తగారు సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చారు. ఉన్న మాత్రలన్నీ పేరుపేరునా కేస్ షీటులో ఎక్కాయి. ఇన్సులిన్ సీసా బంధువులింట్లో ఫ్రిజ్‌లో ఉండిపోయింది.

"మరి సూది సంగతి మీకు గుర్తు రాలేదా అత్తయ్యా?" అని తరవాత అడిగాను. ఆవిడ చెప్పిన జవాబు ప్రతి ఇంటివారూ వినాలి. "ఆస్పత్రిలో ఉన్నాక వాళ్లకు తెలియదటే అమ్మా! సెలైను పెడుతున్నారు, రోజుకు నాలుగు ఇంజక్షన్లు చేస్తున్నారు. అందులో ఇదీ ఉందనుకున్నాను" అన్నారు. ఆ ఇంజక్షన్లు జ్వరానికీ, వాంతులకూ. మూడోరోజు సాయంత్రానికి మామగారు మగతలోకి వెళ్లారు. నోరు పిడచకట్టుకుపోయింది. పిలిస్తే ఊఁ అనటమే తప్ప కళ్లు తెరవలేదు.

నేనూ మావారూ ఆ రాత్రికి చేరుకున్నాం. అలవాటు కొద్దీ నేను మొదట కేస్ షీటు అందుకున్నాను. మొదటి పేజీలో షుగరుందని రాశారు, బి.పి. ఉందని రాశారు, మాత్రలు రాశారు. రోజంతా నేను వెతికే ఆ ఒక్క గీత మాత్రం లేదు. డాక్టరుగారిని పిలిచి, "ఐదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నారండీ, మూడురోజులుగా ఒక్క యూనిట్ కూడా పడలేదు" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. వెంటనే షుగరు చూస్తే 468. రక్తం, మూత్రం పరీక్షకు పంపి, సెలైనుతోపాటు ఇన్సులిన్ మొదలుపెట్టారు. తెల్లవారేసరికి మామగారు కళ్లు తెరిచి, "ట్యూషను ఎగ్గొట్టామా?" అన్నారు. ఆరోరోజున ఇంటికి వచ్చారు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు చూశారా. అడిగినవాడు సరిగానే అడిగాడు. చెప్పినావిడ నిజమే చెప్పింది. మధ్యలో 'మందు' అన్న మాట ఇద్దరికీ ఒకే అర్థం ఇవ్వలేదు. జ్వరం, విరేచనాలు, చీము గడ్డలు వంటివి వచ్చినప్పుడు తిండి తగ్గినా సరే షుగరు మామూలుకన్నా పెరుగుతుంది. సరిగా ఆ సమయంలోనే ఇన్సులిన్ ఆగిపోతే రెండు దెబ్బలు ఒకేసారి తగిలినట్టు. తిండి తినటంలేదు కదా అని ఇన్సులిన్ మీ అంతట మీరు మానెయ్యకండి. మోతాదు తగ్గించాలో పెంచాలో డాక్టరు చెప్పాలి.

కాగితంలో మిగిలిపోయిన సూది

దీనికి తలకిందుల కథ మా పిన్నిది. ఆవిడ తెనాలిలో ఉంటుంది. షుగరు ఉన్నా రోజుకు ఒక్క మాత్రతో సరిపోయేది. 2021 మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఆస్పత్రిలో చేరింది. స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆ మందులు ప్రాణం నిలబెడతాయి గాని షుగరును ఎగదోస్తాయి. అందుకని మూడుపూటలా ఇన్సులిన్ ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో ఇన్సులిన్ మోతాదు రాసి, వారం తరవాత వచ్చి చూపించుకోమన్నారు. బయట కర్ఫ్యూ. ఎవరూ కదల్లేదు. స్టెరాయిడ్ మాత్రలు పదిరోజుల్లో అయిపోయాయి. ఇన్సులిన్ మాత్రం నెలన్నర నడిచింది. కాగితంలో ఉంది కదా మరి!

తెల్లవారుజామున చెమటలు పట్టటం, చేతులు వణకటం, తిక్కతిక్కగా మాట్లాడటం మొదలైంది. కరోనా తరవాతి నీరసమని ఒకరు, గాలి సోకిందని ఒకరు. ఒకరోజు మనిషి స్పృహ తప్పేలా ఉంటే పక్కింటాయన షుగరు చూశాడు. 48! నీళ్లలో పంచదార కలిపి తాగిస్తే పది నిమిషాల్లో లేచి కూర్చుంది. చెల్లెలు ఆ డిశ్చార్జి కాగితం ఫొటో తీసి నాకు పంపింది. 'తాత్కాలికంగా' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఎన్నాళ్లు వాడాలో లేదు. నేను వాళ్లను ఆరోజే డాక్టరుకు ఫోన్ చెయ్యమన్నాను. ఆయన వివరాలన్నీ కనుక్కుని, ఇన్సులిన్ తగ్గించుకుంటూ వచ్చి ఆపించారు. పిన్ని మళ్లీ తన ఒక్క మాత్ర మీదికి వచ్చింది.

మా నియమాల పుస్తకంలో మూడో నియమం ఉంది చూశారూ, తాత్కాలికమైతే ఆ అంకె వెయ్యవద్దని? దాన్ని రాసినవాళ్లు లెక్కల కోసం రాసి ఉండవచ్చు. కాని మా పిన్ని ప్రాణం ఆ తేడాలోనే ఊగింది. మామగారికి ఎప్పటికీ కావలసిన ఇన్సులిన్ కాగితంలో ఎక్కలేదు. పిన్నికి కొన్నాళ్లు చాలిన ఇన్సులిన్ కాగితంలోంచి దిగలేదు.

మా ఆఫీసులో ఒక అమ్మాయికి గర్భంతో ఉండగా షుగరు వచ్చి ఇన్సులిన్ ఇచ్చారు. బిడ్డకు సూది తగులుతుందేమోనని వాళ్లత్తగారి దిగులు. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. తల్లి రక్తంలోని అధిక షుగరే చేరి బిడ్డకు చెరుపు చేస్తుంది. ప్రసవం కాగానే ఆ అమ్మాయికి ఇన్సులిన్ ఆపేశారు. ఇలాంటివాళ్లు ఆరునుంచి పన్నెండు వారాల్లోపల షుగరు పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఆ తరవాత కూడా అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి.

ఇక టైప్ 1 పిల్లల సంగతి వేరు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టకముందు ఆ పిల్లలు కొద్దికాలానికే చిక్కి శల్యమై చనిపోయేవారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు మొదటిసారి ఆ సూదితో బతికాడు. ఆ పిల్లలకు ఇన్సులిన్ అన్నం, నీళ్ల వంటిది. ఆకు పసరు ఇస్తాం, సూది మానిపిస్తాం అని ఎవరు చెప్పినా చెవిన పెట్టకండి. ఒకటి రెండు రోజులు మానినా ప్రాణాపాయం.

సీసా మీద అంకె చూశారా?

ఆస్పత్రి కాగితంలో 'ఇన్సులిన్ 20' అని రాస్తే సరిపోదు. మనదేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. మామూలు సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. చాలా పెన్నుల్లోనూ, కొన్ని సీసాల్లోనూ ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఆ సీసాలకు నారింజరంగు మూత సిరంజి. ఇవి తారుమారైతే ఏమవుతుందో మా మామగారు లెక్క కట్టి చూపించారు. 100 బలం ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే పడేది 20 కాదు, 50 యూనిట్లు. 40 బలం ఇన్సులిన్‌ను 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే పడేది 8 యూనిట్లే. ఒకటి మనిషిని పడగొడుతుంది, రెండోది షుగరును పెంచుతుంది. కొత్త సీసా, కొత్త సిరంజి కొన్నప్పుడల్లా రెంటి మీదా అంకె కలిసిందో లేదో చూసుకోండి.

మీరే రాసుకోవలసిన కాగితం

మామగారు ఇంటికి వచ్చిన మర్నాడే మేం ఒక కాగితం తయారుచేశాం. పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ. పైన ఎర్ర సిరాతో, 'దీర్ఘకాలంగా ఇన్సులిన్ వాడుతున్నారు. డాక్టరుకు తెలియకుండా ఆపకూడదు' అని రాశాం. దాని కింద ఈ వివరాలు:

1. షుగరు రకం, ఎన్నేళ్లనుంచి ఉంది.

2. ఇన్సులిన్ ఏ సంవత్సరం, ఏ నెలలో మొదలైంది. ఎప్పటికీ వాడాలన్నారా, కొన్నాళ్లకేనా.

3. సీసా మీద ఉన్న పేరు ఉన్నదున్నట్టు, 40 లేక 100. సిరంజా, పెన్నా.

4. ఏ పూట ఎన్ని యూనిట్లు, భోజనానికి ఎంత ముందు. మోతాదు మారినప్పుడల్లా పాతది కొట్టేసి తేదీతో కొత్తది.

5. మిగతా మాత్రలు, పడని మందులు.

6. చివరి మూడునెలల సగటు షుగరు పరీక్ష ఫలితం, కిడ్నీ, కంటి పరీక్షల సంగతి.

7. షుగరు ఎప్పుడైనా పడిపోయిందా, అప్పుడు ఏం జరిగింది.

8. చూసే డాక్టరు ఫోన్ నంబరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు.

ఒక ప్రతి మాత్రల డబ్బాలో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి మనిషి జేబులో. ఫొటో తీసి పిల్లల ఫోన్లలో పెట్టాలి. ఆస్పత్రిలో చేరినప్పుడు ఎవరూ అడగకపోయినా ఈ కాగితం డాక్టరు చేతికిచ్చి, "ఇన్సులిన్ సంగతి కేస్ షీటులో రాయండి" అని మర్యాదగా అడగండి. రాశాక ఒకసారి చూసుకోండి. ఏ పూట ఇంజక్షనైనా, "ఇది ఇన్సులినేనా అమ్మా?" అని నర్సును అడగటానికి మొహమాటపడకండి.

ఇంటికి పంపేటప్పుడు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ ఇన్సులిన్ ఎప్పటికీయా, కొన్నాళ్లకా? కొన్నాళ్లకైతే మళ్లీ ఏ తేదీన రావాలి? షుగరు ఎంతకన్నా తగ్గితే మీకు ఫోన్ చెయ్యాలి? ఈ మూడింటి జవాబులూ డిశ్చార్జి కాగితం మీదనే రాయించుకోండి.

బీమా ఉన్నవాళ్లకు ఇంకొక మాట. పాలసీ తీసుకునేటప్పుడు షుగరు, ఇన్సులిన్ దాచకండి. ముందే ఉన్న జబ్బుకు ఎదురుచూడవలసిన గడువు 36 నెలలకు మించకూడదని 2024 ఏప్రిల్‌నుంచి నిబంధన ఉంది. ఆస్పత్రివాళ్లు, "ఎన్నాళ్లనుంచి షుగరు?" అని అడిగితే, "ఏమో, పదేళ్లుంటుంది" అని పక్కనున్న చుట్టం తోచింది చెప్పేస్తాడు. అది కాగితంలో ఎక్కి, మీరు పాలసీలో రాసిన దానితో కలవకపోతే తగువు వస్తుంది. పైన చెప్పిన కాగితం చేతిలో ఉంటే ఆ తగువూ ఉండదు.

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల ఇంట్లో అందరికీ తెలియవలసినది మరొకటి. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు కనిపిస్తే షుగరు పడిపోయిందేమో చూడాలి. 70కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. మీటరు లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు, పంచదార ఇచ్చెయ్యండి. పావుగంట తరవాత మళ్లీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

మెట్రో దిగి మాదాపూర్ మేడల్లోకి రోజూ వెళ్లేవాళ్లలో ఎవరెవరి కాగితాలో చదివి అంకెలు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఇంటి కాగితం మాత్రం వాళ్లెవరి బల్ల మీదికీ రాదు. అది మీరే రాయాలి. ఖర్చు లేదు, చదువు పెద్దగా అక్కర్లేదు, అరగంట చాలు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ ప్లాస్టిక్ డబ్బా ముందు పెట్టుకుని, ఫ్రిజ్‌లోంచి సీసా కూడా తెచ్చి దాని పక్కన పెట్టి, రాయటం మొదలుపెట్టండి.